టైం లేని ఉద్యోగానికి నా జేజేలు

ఆస్పత్రి సంచి సర్దుతూ కనిపెట్టాను: ఏ రోజు, ఏ గంటకు రమ్మంటారో తెలియని ఉద్యోగమంత వరం మరొకటి లేదు!

సంచి మా చెల్లెలు బాలమ్మది. గుండె ఆపరేషన్‌కు బయల్దేరుతోంది. రెండు చీరలు, దువ్వెన, మందుల చీటీ పెట్టాను. తీసి మళ్లీ పెట్టాను. ఎవరు గడప దాటుతున్నా నాకిదే జబ్బు. రైలు పట్టాల పక్కన మెట్టుగూడలో కాపురముంటూ రైలు కూతకు దడుచుకునేదాన్ని ఏమనాలి?

ఉద్యోగం మా మనవరాలు కల్పలతది. తల్లి పోయాక బాలమ్మ చేతుల్లో పెరిగిన పిల్ల. కార్ఖానా బస్తీలోని ఒక బట్టల షోరూంలో పార్ట్‌టైం. డ్యూటీ ఎప్పుడో ఫోన్‌లో యాప్ చెబుతుంది. చెప్పి మార్చేస్తుంది. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్న నేను ఇప్పుడు యాప్ కూడా చదువుతున్నాను. పిల్లకన్నా ముందే చూసి పరేషాన్ అవుతున్నాను. ఎంత అభివృద్ధి!

బయల్దేరినవాళ్లు వెనక్కొస్తే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపడం మా ఇంటి ఆనవాయితీ. ఒక సోమవారం పిల్ల బస్టాప్‌కు చేరగానే షిఫ్ట్ క్యాన్సిల్. వచ్చింది, తాగించాను. మళ్లీ రమ్మన్నారు, మళ్లీ వద్దన్నారు. మళ్లీ తాగించాను.

"ఇగ చాలే అమ్మమ్మా! కడుపుల బోరింగ్ ఏసినవా ఏందీ?"

రోజుకు మూడు లీటర్లు తాగమని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. తాగిస్తున్నది మాత్రం షోరూమే!

అసలు లాభం వేరే. వీడ్కోళ్ల బాధ లేదు! ఎప్పుడు పోతుందో తెలిస్తే కదా గుమ్మంలో నిలబడి ఏడవడానికి?

సంచి సర్దిన ఆ బుధవారం కల్పలతకు సెలవు. బాలమ్మను తనే ఆస్పత్రిలో చేర్పిస్తానంది. తొమ్మిదింటికి యాప్ మోగింది: పదింటికి డ్యూటీ. సూపర్‌వైజర్ తిరుమల్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, జెర రెండు గంటలాగి వస్త. మా చిన్నమ్మమ్మను ఆస్పత్రిల చేర్పియ్యాలె."

"నా చేతుల ఏముందమ్మా? యాప్‌ల పడ్డది. రాకుంటే వచ్చే వారం నీకు షిఫ్టులే పడవు."

బాలమ్మే నవ్వింది. "పో బిడ్డా. ఆపరేషన్ రేపు గదా. సాయంత్రం వచ్చి నాకు జడేద్దువు."

సాయంత్రం షిఫ్ట్ తొమ్మిదిదాకా పొడిగించారు. ఆస్పత్రిలో చూడవచ్చేవాళ్లకు ఏడింటికే తలుపులేశారు. పాపం, వాళ్లకింకా టైం అనే పాత అలవాటు పోలేదు!

చూశారా? ఏడుపుల్లేవు, చేతులు పట్టుకోవడాల్లేవు. నాలాంటి పిరికిదానికి ఇంతకన్నా ఏం కావాలి?

గురువారం పొద్దున యాప్ మళ్లీ మోగింది: డ్యూటీ క్యాన్సిల్. కల్పలత పరిగెత్తి చేరేసరికి బాలమ్మను లోపలికి తీసుకెళ్లిపోయారు.

బాలమ్మ తిరిగి రాలేదు. ఆ గురువారమే, పదకొండు గంటల పది నిమిషాలకు పోయింది.