జగన్మోహన్ పిండి ఫ్రిజ్

ఆ శనివారం పొద్దున జగన్మోహన్ పెట్టుకున్న పని ఒక్కటే, తను సొంతంగా కాచిన తొలి బీరును గరాజ్‌లోని పాత ఫ్రిజ్‌లో పులియబెట్టడం. ఆ ఫ్రిజ్ మీద మూడు వారాలు కష్టపడ్డాడు. టెంపరేచర్ కంట్రోలర్ తగిలించాడు. అమెరికాలో వాళ్లుండే ఆష్‌బర్న్ చలికి లోపల మరీ చల్లబడకుండా హీటర్ బల్బు బిగించాడు. ఈస్ట్ కలిపిన బకెట్ మీద వివరాల కాగితం అంటించి, కింద అరలో పెట్టి, పద్దెనిమిది డిగ్రీలు సెట్ చేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు నిలబడి ఉన్నారు.

వసంతలక్ష్మిగారు కూతురి పురిటికని రాజమండ్రి నుంచి వచ్చి పది రోజులైంది. "అమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో మందు మాట వినబడకూడదు" అని రేణు ముందే చెప్పింది. ఎనిమిదో నెల భార్య మాటకు ఎదురు చెప్పేంత ధైర్యం జగన్మోహన్‌కు లేదు.

"ఏం చేస్తున్నారు అల్లుడుగారూ?"

"పులియబెడుతున్నానండీ" అని నిజమే చెప్పి, కంగారులో మిగతాది కల్పించాడు. "ఇడ్లీ పిండి. ఈ చలికి పొంగట్లేదని మీరు బాధపడుతున్నారు కదా. బకెట్‌లో ఉన్నది ట్రయల్."

ఆవిడ ఫ్రిజ్ తలుపు నిమిరారు. "నా కోసం ఇంత చేశారా బాబూ. మీ మామగారు ముప్ఫై ఏళ్లలో గ్రైండర్ ప్లగ్గు కూడా పెట్టలేదు."

అంతటితో ఆగితే బాగుండేది. ఆవిడ ఫోటో తీసి, వచ్చిన వారంలోనే చేరిన అక్కడి గుడి భజన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికి అయిదుగురు ఆడవాళ్లు పిండి గిన్నెలతో దిగిపోయారు. సాయంత్రం జగన్మోహన్ వెళ్లి చూస్తే కంట్రోలర్ మీద ముప్ఫై రెండు కనబడింది. అంత వేడికి బీరు పాడైపోతుంది. తగ్గించాడు. గంటకు మళ్లీ ముప్ఫై రెండు.

"పిండికి వెచ్చదనం కావాలి బాబూ. మీ మెషీన్ దానంతటదే తగ్గించేస్తోంది" అన్నారు అత్తగారు. మూడోసారి పెంచాక బటన్ల మీద టేపు కూడా అంటించారు.

ఆదివారం పొద్దున గిన్నెల కోసం అందరూ వచ్చారు. భజన గ్రూపు పెద్ద శ్యామ్‌సుందర్, తన భార్యను డ్రాప్ చేయడానికి వచ్చి, చూసిపోదామని ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. తలుపు తీశారు. పిండి గిన్నెల అంచులు దాటి పొంగింది. ఆడవాళ్లు మెచ్చుకునేలోపే బకెట్ మూత ఠపీమని ఎగిరి, నురగంతా శ్యామ్‌సుందర్ మీసాల మీద పడింది. గరాజంతా ఘాటు వాసన.

"ఇది..." అంటూ ఆయన మీసం నాకి, ఆగి, ఇంకోసారి నాకాడు. రేణు కళ్లు మూసుకుంది. జగన్మోహన్ బకెట్ మూత కోసం వంగాడు.

"బార్లీ జావండీ" అన్నారు వసంతలక్ష్మిగారు తాపీగా. "షుగర్ ఉన్నవాళ్లకి మంచిదని మా అల్లుడుగారు చేస్తున్నారు. ఇంకా పులియాలి."

అందరూ వెళ్లాక అల్లుడు తల దించుకుని అడిగాడు. "మీకు ముందే తెలుసా అత్తయ్యగారూ?"

"బకెట్ మీద కాగితం నిన్ననే చదివాను. ఇంగ్లీష్ టీచర్‌గా రిటైరయ్యాను కదా, బీరు, పద్దెనిమిది డిగ్రీలు అని రాసుంటే అర్థం కాదా?"

"మరి ముప్ఫై రెండు ఎందుకు పెట్టారండీ?"

"మీరే నోరు విప్పి నిజం చెప్తారేమోనని. మూడుసార్లు పెంచినా చెప్పలేదు."

ఆ సాయంత్రానికి బార్లీ జావ కావాలని పదకొండుమంది మగవాళ్లు పేర్లిచ్చారు. వాళ్లలో ఒక్కరికీ షుగర్ లేదు.