గేటు దగ్గర గుండ్రాయి

అనగనగా అంత పెద్ద అడవిలో, ఇంకెక్కడా చోటు లేనట్టు, వాగు మలుపులో ఒకదాన్నొకటి ఆనుకుని యాభై పుట్టలుండేవి. దాని పేరు పుట్టలబస్తీ. చెదపురుగులు ఎప్పుడో కట్టి వదిలేసిన పుట్టలవి. ఒక పుట్టలో కుందేలు తుమ్మితే, పక్క పుట్టలోంచి తాబేలు తాత "చిరంజీవ" అనేవాడు.

చివరి పుట్ట అలుగత్తది. ఒంటినిండా పెంకులు, మూరెడు నాలుక. పొద్దువాలే వేళకి గడపగడపకీ వెళ్లి, చెద పట్టిందేమో చూసి, పడితే నాలుక చాపి ఊడ్చేసేది.

"అత్తా, మా గడప చూశావా?" అని కుందేలు లోపల్నించే అరిచేది.

"చూశాలేమ్మా. నీ గడ్డి పరుపు కింద కూడా చూశా."

అదొక పనని ఎవరూ అనుకోలేదు. అలుగత్తా అనుకోలేదు. ఆవిడకది భోజనం.

ఆవిడకి సిగ్గెక్కువ. "అత్తా, ఇవాళ నీ పెంకులు భలే మెరుస్తున్నాయే" అన్నా చాలు, తల పొట్టలో పెట్టుకుని, తోక చుట్టుకుని బంతైపోయేది. మళ్లీ విచ్చుకోవడానికి ఒక పూట పట్టేది.

ఒకరోజు అడవి కౌన్సిలు ప్రెసిడెంటు అడవిదున్న బస్తీకి వచ్చాడు. పక్కన పునుగుపిల్లి. ఆయన ఇళ్లు కట్టి ఇచ్చే వ్యాపారి. ఆయన రాకముందే వాసన వచ్చింది, వెళ్లాక కూడా మూడు రోజులుంది.

"ఛీ ఛీ, మట్టిలో బతుకుతున్నారా ఇంకా?" అన్నాడు పునుగుపిల్లి. "తొమ్మిదంతస్తులు కడతాను. అంతా టేకు. పేరు పునుగు హైట్స్. గేటు, గేటుకి వాచ్‌మన్, ముందు పార్కు."

"మాకు వాగు దగ్గరుంటే చాలు బాబూ" అన్నాడు తాబేలు తాత.

"పైనుంచి చూస్తే వాగు ఇంకా బాగా కనపడుతుంది తాతా!"

అడవిదున్న తలూపాడు. ఆయన ఏ మాటకైనా తలూపుతాడు. అందుకే ప్రెసిడెంటయ్యాడు.

మర్నాడు సర్వేకి కొంగ ఆఫీసరు వచ్చాడు. మడమకి బురద అంటుతుందని ఒంటికాలి మీదే బస్తీ అంతా తిరిగాడు. "కుందేలు, ఒకటి. తాబేలు, ఒకటి." అలా రాసుకుంటూ చివరి పుట్ట దగ్గరికొచ్చాడు. గుమ్మంలోనే అలుగత్త. ఆఫీసర్ని చూడగానే ఆవిడ బంతైపోయింది.

కొంగ ముక్కుతో టక్కుమని కొట్టి చూశాడు. "గుండ్రాయి, ఒకటి. కాపురం, లేదు" అని రాసుకుని వెళ్లిపోయాడు.

'నేనే బాబూ, అలుగుని' అని లోపల్లోపల ఎంతో అనుకుంది అలుగత్త. ఆ మాట పెంకులు దాటి రాలేదు.

జాబితా వచ్చింది. అందరి పేర్లూ ఉన్నాయి, ఆవిడది లేదు. కుందేలు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కౌన్సిలుకి లాక్కెళ్లింది.

"మా అత్తకి ఇల్లేదండీ!"

కొంగ కాగితం తిరగేశాడు. "ఆ పుట్టలో ఉన్నది రాయి. రాళ్లకి ఇళ్లివ్వడం రూల్సులో లేదు."

"రాయేంటండీ, ఎదురుగా నిలబడితేనూ!"

అందరూ ఒక్కసారి అలుగత్త వంక చూశారు. అంతే, ఆవిడ సిగ్గుతో చుట్టుకుపోయింది.

"చూశారా!" అని రెక్కలు విదిల్చాడు కొంగ. "నా సర్వేలో తప్పు ఉండదు."

అడవిదున్న తలూపాడు.

కుందేలు ఇంకా ఏదో అనబోయింది. పునుగుపిల్లి దగ్గరికొచ్చి, "నీకు కింద అంతస్తే రాశానమ్మా. మార్చమంటావా?" అన్నాడు మెత్తగా. కుందేలు చెవులు దించేసుకుంది.

అయితే రికార్డులో ఉన్న రాయిని పారేయడానికీ వీల్లేదు. పార్కు ప్లానులో 'అలంకారానికి రాయి, ఒకటి' అని ఉంది. ఆవిణ్ణి గేటు దగ్గరికి దొర్లించి, సున్నం కొట్టి, ఎర్రచారలు దిద్దారు. పుట్టలన్నీ కూల్చేశారు. తన పుట్ట కూలుతుంటే అలుగత్త ఒక్క పెంకు సందులోంచి చూసింది.

హైట్స్ లేచింది. అందరూ పైకి చేరారు. తాబేలు తాతకి తొమ్మిదో అంతస్తు వచ్చింది. సోమవారం నీళ్లకని దిగితే గురువారానికి వాగు చేరేవాడు. దారిలోనే మళ్లీ దాహమేసేది. కుందేలు తుమ్మితే "చిరంజీవ" అనే దిక్కు లేదు.

పొద్దువాలే వేళకి అలుగత్త అలవాటుకొద్దీ లోపలికి బయల్దేరేది. వాచ్‌మన్ ముళ్లపంది అడ్డం నిలబడేవాడు.

"ఏయ్, రాళ్లు లోపలికి రాకూడదు."

కొన్నాళ్లకి కుందేలు ఇంటి గోడలోంచి తెల్లగా పిండి రాలడం మొదలైంది.

"ఇదేంటయ్యా?" అని అడిగితే, "కొత్తిల్లు కదమ్మా, పౌడరు రాసుకుంటోంది" అన్నాడు పునుగుపిల్లి. టేకని చెప్పి కట్టింది బూరుగు కర్రతో. బూరుగంటే చెదలకి పెళ్లిభోజనం.

పిండి గుప్పెళ్లు దాటి తట్టలకొచ్చింది. అందరూ కౌన్సిలు మీద పడ్డారు. "అలుగత్తని పిలవండి!"

"అలుగత్త పేరుతో రికార్డులో ఎవరూ లేరు" అన్నాడు కొంగ. "ఒక్కటి తప్పని ఒప్పుకుంటే మొత్తం సర్వే తప్పంటారు."

చాలాసేపు ఆలోచించి ఆర్డరు రాశారు: 'గేటు వద్ద గల గుండ్రాయిని ప్రతి గడప దగ్గర ఒకసారి దొర్లించవలెను.'

ముళ్లపంది దొర్లించాడు. రాయి దొర్లింది. చెదలు నవ్వుకుని మళ్లీ భోజనానికి కూర్చున్నాయి.

"అత్తా, నోరు తెరువే!" అని ఏడ్చింది కుందేలు.

అలుగత్త పెంకులు కదిలాయి. తల బయటికొచ్చింది. అందరూ చూస్తున్నా లోపలికి పోలేదు.

"రాయికి నోరెక్కడిదే పిల్లా? ముందు నా పేరు రాయమను."

కొంగ ముక్కు పైకెత్తాడు. "కుదరదు."

అంతలో పై అంతస్తు కిందంతస్తు మీద కూర్చుంది. అది దాని కింది దానిమీద. జల్లెడ పట్టిన పిండిలా హైట్స్ మొత్తం మెత్తగా కిందికి జారింది. బూరుగు తేలిక కదా, ఎవరికీ గోరంత గీత పడలేదు.

పిండికుప్పలోంచి తాబేలు తాత తల బయటపెట్టాడు. "అబ్బ! మొదటిసారి నీళ్లకి టయానికి దిగాను."

పునుగుపిల్లి ఎటుపోయాడో తెలీదు. వాసన మాత్రం మూడు రోజులుంది.

వానలు పడ్డాయి. కుప్ప మీద చెదలు కొత్త పుట్టలు లేపాయి. వాటిని ఎప్పట్లాగే వదిలేసి పోగానే బస్తీ వాటిల్లోకి దూరింది. ఈసారి జాబితా తాబేలు తాతే రాశాడు. మొదటి పేరు "అలుగత్త, ఒకటి." ఆవిడకి సిగ్గేసింది కానీ సగమే చుట్టుకుంది.

అప్పుడే కొంగ వచ్చి, ఎవరేమంటారోనని భయపడి, ఒంటికాలి మీద కదలకుండా నిలబడిపోయాడు.

"ఇదేంటత్తా?" అని అడిగాడు తాత.

అలుగత్త దగ్గరికెళ్లి, ముక్కుతో టక్కుమని కొట్టి చూసింది.

"గుంజ, ఒకటి. రాసుకో తాతా."

నీతి: సర్వేకొచ్చినవాడి ముందు సిగ్గుపడేవాళ్లకి ఇల్లు దొరక్కపోయినా గేటు దగ్గర చోటు మాత్రం ఖాయం.