పైపుల మేస్త్రికి నచ్చిన దేశం

ఆ శనివారం పొద్దున పైపుల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. బాగుచేసిన మూడు పొగాకు పైపులను సంచీలో వేసుకుని బయలుదేరాలి. జడ్జిగారింట్లో ఒకటి, పళ్ళ డాక్టరు క్లినిక్కులో ఒకటి, బ్యాండు మాస్టారి వీధిలో ఒకటి ఇచ్చేసి, ఇంటికొచ్చి భోంచేసి ఒక కునుకు తీయాలి. ముప్పై ఏళ్ళుగా ఆయన అలాగే ఇంటింటికీ తిరిగి ఇస్తున్నాడు. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరినీ తన దుకాణంలో ఎదురుపడనివ్వలేదు.

దానికి కారణం ఉంది. మేస్త్రి చేతిలో ఏ పైపు ఉంటే ఆ దేశమే ఆయనకు గొప్ప. జడ్జిగారి నిటారు పైపు తుడుస్తూ "పైపంటే ఇంగ్లండువాళ్ళదేనండీ, మిగతావన్నీ గొట్టాలు" అంటాడు. డాక్టరు పైపుకు మెరుగు పెడుతూ "ఇటలీవాళ్ళ పనితనం ఇంకెవరికి వస్తుందండీ" అంటాడు. బ్యాండు మాస్టారి వంకర పైపు చూస్తే చాలు, "డెన్మార్కువాడు చెక్కని అడిగి మరీ చెక్కుతాడు" అని తల ఊపుతాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. అన్నప్పుడల్లా మనస్ఫూర్తిగానే అంటాడు. చిక్కల్లా ఒక్కటే. ఊరు మొత్తానికి పైపు తాగేవాళ్ళు ఇప్పుడు ఆ ముగ్గురే మిగిలారు. వాళ్ళకి కోపం వస్తే ఆయన దుకాణం సర్దుకోవలసిందే.

చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే భార్య వంటింట్లోంచి కేకేసింది. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు. మోకాలు లాగేస్తోందన్నారుగా! ముగ్గురికీ ఫోన్ చేసి ఇక్కడికే రమ్మన్నాను."

"ముగ్గుర్నీనా? ఒకేసారా?"

"మూడుసార్లు కాఫీ ఎవరు పెడతారు?"

దుకాణమంటే ఇంటి ముందుగదే. ఆ గదిలో ఒక బల్ల, ఒక సానచక్రం, నాలుగు కుర్చీలు. దాక్కోవడానికి చోటు లేదు. ఇంకేమీ తోచక మూడు పైపులనూ బల్ల సొరుగులో పడేసి, ఇంకా ఆరలేదని చెప్పి ఒక్కొక్కరినీ పంపించేద్దామనుకున్నాడు. అంతలో ముగ్గురూ కలిసే మెట్లెక్కి వచ్చేశారు.

"ఇంకా ఆరలేదండీ. సోమవారం నేనే తెచ్చిస్తాను" అన్నాడు మేస్త్రి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"ఆరకపోతే సొరుగులో పెడతారా ఎవరైనా? నేను చూశాగా!" అంటూ భార్య కాఫీ పళ్ళెంతో వచ్చి, ఆయన్ని మోచేత్తో పక్కకు జరిపింది. "కూర్చోండి అన్నయ్యగారూ."

అన్నయ్యగార్లు కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరికి తెలుసు కాని పైపుల సంగతి తెలియదు. తెలియగానే చిన్నపిల్లల్లా సంబరపడ్డారు. అయిదు నిమిషాలదాకా గదిలో అంతా సామరస్యమే. ఆరో నిమిషంలో జడ్జిగారు కప్పు కింద పెట్టి, "ఎంతైనా ఇంగ్లండు పైపు ముందు ఏదీ నిలవదు. కావాలంటే మన మేస్త్రినే అడగండి. నాతో వందసార్లు అన్నాడు" అన్నారు.

"మీతోనా?" డాక్టరు నవ్వాడు. "నాతో ఇటలీ అన్నాడే!"

బ్యాండు మాస్టారు నవ్వలేదు. ఆయన మీసాలు రెండూ మేస్త్రి వైపు తిరిగాయి. "డెన్మార్కు అని నా చెయ్యి పట్టుకుని చెప్పావు కదయ్యా."

మేస్త్రి పాలిషు గుడ్డతో తన నుదురు తుడుచుకున్నాడు. దాంతో నుదురు నిగనిగలాడింది. మొగుడి అవస్థ చూడలేక భార్య కల్పించుకుంది. "అవేవీ కాదండీ, మా ఆయనకి ఇష్టమైంది టర్కీ. మొన్న పొరుగూరి నుంచి ఎవరో తెల్లరాయి పైపు పట్టుకొస్తే, ఆ దేశం కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలన్నారు."

దీంతో ముగ్గురూ ఒక్కటైపోయారు. ఒకరితో ఒకరికి తగువుండటం వేరు, బయటి దేశం వచ్చి పడటం వేరు.

"ముప్పై ఏళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చేశావన్నమాట" అన్నారు జడ్జిగారు. "ఇవాళ ఏదో ఒకటి తేలాలి మేస్త్రీ. నీకు నచ్చిన దేశం ఏది? ఒక్కటే చెప్పు. అబద్ధమని తేలిందో, నా పైపు ఇక నీ గడప తొక్కదు."

"నాదీ అంతే" అన్నాడు డాక్టరు. బ్యాండు మాస్టారు అప్పుడే సగం లేచి నిలబడ్డాడు.

ఒక్క పేరు చెబితే ఇద్దరు పోతారు. చెప్పకపోతే ముగ్గురూ పోతారు. మేస్త్రి సానచక్రం వైపు చూశాడు. అదేమీ సాయం చేసేలా కనిపించలేదు.

"చెప్పడాలెందుకు? మీరే కళ్ళు మూసుకుని తాగి చూసుకోండి" అంది భార్య. "నేనొకటి వెలిగించి ఇస్తాను. ఏ దేశానిదో పోల్చండి. మీకే తెలియకపోతే ఇక మా ఆయన్ని అనడం దేనికి?"

జడ్జిగారికి ఈ పద్ధతి నచ్చింది. వెంటనే నిబంధనలు పెట్టేశారు. ముగ్గురి కళ్ళకూ రుమాళ్ళు కట్టాలి. ఒకరి తర్వాత ఒకరు నాలుగేసి దమ్ములు లాగాలి. మూడు లెక్కపెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. సైగలు చేస్తాడేమోనని మేస్త్రిని గోడవైపు తిప్పి నిలబెట్టారు. మనిషి మారినప్పుడల్లా పైపు మూతిని స్పిరిటు దూదితో తుడవాలని డాక్టరు పట్టుబట్టాడు.

భార్య సొరుగులో చెయ్యి పెట్టి, చేతికి మొదట తగిలిన పైపు తీసి, జడ్జిగారి పొగాకు కూరి వెలిగించింది. ముగ్గురూ పీల్చారు. ముగ్గురి ముఖాలూ ఒకేలా విచ్చుకున్నాయి. మూడు లెక్కపెట్టగానే ఒక్కసారిగా అరిచారు.

"ఇంగ్లండు!"

"ఇటలీ!"

"డెన్మార్కు!"

రుమాళ్ళు ఊడదీశారు. బ్యాండు మాస్టారి చేతిలో ఉన్నది ముగ్గురిలో ఎవరి పైపూ కాదు. ముదురు గోధుమరంగు చెక్క, పొట్టి కాడ, పొగాకు కూరే గిన్నె అంచున చెక్కలోనే ఉన్న చిన్న ముడి. దానిమీద ఏ దేశం ముద్రా లేదు.

గోడవైపు నిలబడ్డ మేస్త్రి మెల్లగా ఇటు తిరిగాడు. ఆ పైపును చూడగానే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది... నేను చేసిందండీ" అన్నాడు. "నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళూ అందరివీ బాగుచేశాను కదా, ఒక్కటి నేనే చేసి చూద్దామనిపించింది. మీరు నవ్వుతారని సొరుగులో దాచుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు దాన్ని అందుకుని తిరగేసి చూశాడు. బ్యాండు మాస్టారు మళ్ళీ లాక్కుని ఇంకో దమ్ము పీల్చి, కళ్ళు మూసుకున్నాడు. నాలుగేళ్ళుగా మేస్త్రి కలలో కూడా చూడని దృశ్యం అది.

"మరి దీన్ని ఏ దేశం కింద రాసుకోవాలి?" అన్నారు జడ్జిగారు.

మేస్త్రి జవాబు చెప్పేలోపే, "ఇటివ్వండి" అని భార్య పైపు అందుకుంది. గిన్నె అంచున ఉన్న ముడిని బొటనవేలితో రాసింది. మళ్ళీ రాసింది. "ఇది మా అమ్మ కుర్చీ చెయ్యి! ఆవిడ ఒళ్ళో కూర్చుని ఈ ముడి మీద వేలు రాసుకుంటూనే నిద్రపోయేదాన్ని. కుర్చీ మొత్తం చెదలు తినేసింది, పారేశానన్నారు కదూ?"

"చెదలు కాదు, విరిగిందే. అంత మంచి చెక్క పారేయడానికి మనసొప్పలేదు."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"చచ్చినా ఇచ్చేదాన్ని కాదు."

జడ్జిగారు గొంతు సవరించుకున్నారు. "సాక్ష్యం స్పష్టంగా ఉంది. మేస్త్రికి నచ్చింది ఇంగ్లండూ కాదు, ఇటలీ కాదు, డెన్మార్కూ కాదు. ఆయనకి నచ్చిన దేశం అత్తారిల్లు. కేసు కొట్టేశాను."

గది గొల్లుమంది. కోపం నిలబెట్టుకోవాలని భార్య గట్టిగానే ప్రయత్నించింది కాని, పెదవులు మాట వినలేదు. పైపును కొంగుతో తుడిచి, సొరుగులో కాకుండా బల్లమీద అందరికీ కనబడేలా పెట్టి, ఇంకో విడత కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. మేస్త్రి ఆ పైపు వంక, ఆవిడ వెళ్ళిన వైపు చూస్తూ, ఒళ్ళంతా తేలికపడి కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ వెళ్ళగానే ముగ్గురూ ఆయన మీదకు వంగి, తమకూ తలా ఒకటి కావాలన్నారు, అదీ అచ్చంగా ఆ చెక్కతోనే.

అటకమీద దాచిన కుర్చీకి ఇంకా ఒక చెయ్యీ నాలుగు కాళ్ళూ ఉన్నాయని మేస్త్రి వాళ్ళకు చాలా చిన్న గొంతుతో చెప్పాడు.