టీమ్ లీడర్ నడక

వంగి వంగి పనిచేసేవాణ్ని ఏ మేనేజరూ పైకి తేడు. ఇన్నేళ్ల నౌకరీలో అర్థం కాని ఈ సంగతి అమీర్‌పేటలో ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు ఉచిత డెమో క్లాసు గంటలో చెప్పేసింది. ఛాతీ విరిచి నడువు. కాళ్లు చాపి కూర్చో. కళ్లలోకి చూడు. మిగతా కోర్సుకు ఫీజు కట్టమన్నారు. నాకింతే చాలనిపించింది.

మా పంజాగుట్ట ఇన్సూరెన్స్ ఆఫీసులో టీమ్ లీడర్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఇద్దరికి కన్నుంది: నాకూ, నా భార్య మానసకూ. ఒకే ఆఫీసు, ఒకే టీము, ఒకే బండి. తేల్చవలసిన మేనేజర్ రామ్మోహనరావును మేం చూద్దాంరావు అంటాం. జీతం పెంచమన్నా చూద్దాం, ఏసీ పెంచమన్నా చూద్దాం.

ఇంట్లో బీరువా అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. బెండకాయలు తరుగుతూ మానస చూసింది.

"ఏందది, నడుం పట్టిందా?"

"కాన్ఫిడెన్స్."

"గట్లనా. అయితే జర గడ్డం పైకి లేపు. ఇంకా."

పోటీదారే దగ్గరుండి దిద్దుతుంటే అనుమానం రావాలి. రాలేదు. ఓడిపోతుందే పాపం అని జాలి మాత్రం వేసింది.

సోమవారం సింహంలా నడిచాను. చూద్దాంరావు నా సీటు దగ్గరికొస్తే లేవలేదు. మీటింగులో కుర్చీ వెనక్కి వాల్చాను. ఓ క్లెయిము వెంటనే కావాలంటే, కళ్లలోకి చూసి, తీరిగ్గా "చేద్దాం సార్" అన్నాను. ఆయన చూద్దాం అనడం కూడా మరిచిపోయాడు.

బుధవారానికి మర్యాద పెరిగింది. సారే నాకు టీ తెప్పించాడు. పక్క సీటు హనుమాండ్లు చేయి ఊపి, నీకేం అన్నా అన్నాడు. కుర్చీ నాదే అనుకున్నాను.

శుక్రవారం సార్ కేబిన్‌లోకి పిలిచాడు.

"ఎక్కడ వచ్చిందండీ, ఓదెలు గారూ?"

"ఏంది సార్?"

"ఉద్యోగం. దాచకండి. రాజీనామా జేబులో పెట్టుకున్నవాడు తప్ప మన ఆఫీసులో ఇలా ఎవరు కూర్చుంటారు?"

నిజమే. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లే మా దగ్గర కాళ్లు చాపుతారు. ఉండాల్సినవాడి వెన్నెముకను ఈ ఆఫీసులు గేటు దగ్గరే తీసేసుకుంటాయి.

మానసను కూడా అడిగాడట. ఆయన సంగతి నాకు తెల్వదు సార్, నేనైతే ఎటూ పోను అందట. ఆ ముక్కతోనే ఆమెను లీడర్‌ను చేశాడు. నా పని హనుమాండ్లుకు అప్పజెప్పమన్నాడు. నేనెటూ పోవట్లేదు మొర్రో అంటే, టీము సంగతులు ఇక లీడర్‌కే చెప్పుకోమన్నాడు.

వెళ్లి మానస ముందు నిలబడ్డాను. ఛాతీ ఎటు పోయిందో తెలియదు.

"నాకు వేరే నౌకరీ లేదని నీకు తెల్సుగదా."

"తెల్సు. సార్‌కు నేను చెప్పుకుంట. పోయి ఆగిన క్లెయిములు చూడు. సాయంత్రం వరకు కావాలె."

చుట్టూ టీమంతా చూస్తోంది.

"సరే మేడమ్" అన్నాను.

మానస తలెత్తి మెల్లగా అంది, "ఇది బాగున్నది. ఇంట్ల సుత గట్లనే అను."