గంజి పెట్టిన మంచాలు

ఉదయం ఏడు గంటలకు ప్రభుత్వాసుపత్రి వార్డులో సగం మంచాలు లేవు. ఎవరూ ఎత్తుకుపోలేదు. పెద్ద డాక్టరే దగ్గరుండి వాటిని బట్టలుతికే గదిలో ఒకదానిమీద ఒకటి పేర్పించి తాళం వేయించాడు.

ఆ రోజు ఆసుపత్రుల పనితీరు కొలిచే అధికారి వస్తున్నాడు. తక్కువ సరంజామాతో ఎక్కువ మందికి వైద్యం చేసే ఆసుపత్రికి మొదటి ర్యాంకు. ర్యాంకు వస్తే అడిగింది ఇస్తారని డాక్టరు నమ్మకం. ఆయన అడిగేది ఒక్కటే, మత్తు డాక్టరు. మత్తిచ్చే మనిషి లేక, కాన్పు కష్టమైన ప్రతి తల్లినీ అంబులెన్సులో పక్క ఊరికి పంపుతున్నారు. దారిలోనే కాన్పయినవాళ్ళు ఉన్నారు.

మంచాల ఉపాయం స్టోరు చూసే బావమరిదిది.

"రోగులు అంతే ఉంటారు బావా, మంచాలు సగమవుతాయి. ఒక్కో మంచం రెట్టింపు పని చేసినట్టేగా."

"మిగతా సగం మంది ఎక్కడ పడుకుంటారురా?"

"ఒక్క పూటకి సర్దుకోరా? బస్సుల్లో సర్దుకోవడం లేదూ?"

ఇంట్లో ఇతని అక్క ఉన్నంతకాలం ఇతని సలహాలు తోసిపుచ్చే అలవాటు డాక్టరుకు లేదు.

సర్దుబాటు కాసేపటికే బెడిసికొట్టింది. కాలు విరిగిన పెద్దాయన పక్కన దగ్గు మనిషిని పడుకోబెట్టారు. ఇతను దగ్గినప్పుడల్లా మంచం ఊగుతోంది. మంచం ఊగినప్పుడల్లా ఆయన కేక పెడుతున్నాడు.

"సార్, ఇతనికి దగ్గు మందు పోస్తే ఆయన కాలు నొప్పి తగ్గేలా ఉంది," అంది హెడ్ నర్సు.

నడవగలిగినవాళ్ళను వరండాలో కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. అధికారి వచ్చి, వరండా చూసి ఆగాడు.

"వీళ్ళంతా ఎవరు?"

"ఓపీ పేషెంట్లండీ. ఇప్పుడే వచ్చారు," అన్నాడు బావమరిది.

"అయితే చూడండి డాక్టరుగారూ. నేను పక్కన కూర్చుంటాను."

పొద్దున వార్డులో చూసినవాళ్ళనే డాక్టరు మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు. కడుపునొప్పి ముసలమ్మ ఊరుకోలేదు.

"పొద్దున్నే చూశావు కదయ్యా. అప్పుడే మర్చిపోయావా?"

"ఒకే రోజు రెండుసార్లా?" అని అధికారి తల ఊపి రాసుకున్నాడు.

తర్వాత ఆయన వార్డంతా తిరిగి చూసి, బట్టలుతికే గది కూడా చూస్తానన్నాడు. తాళంచెవి కనబడటం లేదని బావమరిది చెబుతుండగానే లోపల ఏదో కూలింది.

"ఏమిటా చప్పుడు?"

"బట్టలండీ."

"బట్టలకి అంత చప్పుడా?"

"గంజి కాస్త ఎక్కువైందండీ."

అంతలో బట్టలుతికే ఆవిడ దుప్పట్ల మూటతో వచ్చింది. "పొద్దున్నుంచి నా గదికి తాళమేసి కూర్చుంటే ఇవి మీ నెత్తిమీద ఉతకనా?" అంటూ బొడ్లోంచి తన తాళంచెవి తీసి తలుపు తెరిచింది. ఇనప మంచాలు కాళ్ళు పైకెత్తుకుని పడి ఉన్నాయి.

అధికారి మంచాలు లెక్కపెట్టి, డాక్టరు వైపు తిరిగి, చేతులు జోడించాడు.

"ఇన్ని మంచాలుండి కూడా, వాడకుండానే నడుపుతున్నారా?"

"లేదండీ, దాచాం. ఇవి లేకపోతే ఇక్కడ పూట గడవదు. ర్యాంకు కోసమని..."

"వార్డు నేను కళ్ళారా చూశాను. మరీ ఇంత అణకువ పనికిరాదు డాక్టరుగారూ."

ఆ సాయంత్రమే మంచాలన్నీ మళ్ళీ వార్డుకు చేరాయి. వారం తిరక్కుండా అధికారి ఫోన్ చేశాడు.

"మొదటి ర్యాంకు మీదే."

"మరి మత్తు డాక్టరు?"

"మీరొక్కరే ఇంత పని లాగుతుంటే ఇంకో మనిషెందుకండీ? ఆ పోస్టు మీ పక్క ఊరికిచ్చాం. వాళ్ళది చివరి ర్యాంకు, పాపం, ఆసరా కావాలి. అన్నట్టు, మీరు వాడని ఆ మంచాలు కూడా వాళ్ళకే. రేపు లారీ వస్తుంది."

పక్క ఊళ్ళో ఇప్పటికే ఒక మత్తు డాక్టరు ఉన్నాడు. డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

"ఎంతైనా ర్యాంకు వచ్చిందిగా బావా," అన్నాడు బావమరిది.

"వచ్చింది. లారీలో మంచాలతోపాటు నువ్వు కూడా ఎక్కు."

మర్నాడు లారీ వచ్చి మంచాలను తీసుకెళ్ళింది. బావమరిది ఎక్కలేదు. సాయంత్రం కాన్పు కష్టమైన ఒక తల్లిని అంబులెన్సులో పక్క ఊరికి పంపారు. కాలు విరిగిన పెద్దాయన, దగ్గు మనిషి మళ్ళీ ఒకే మంచం మీదికి చేరారు.