విమానం చేరేదాకా ఊడ్వని ఇల్లు

నవ్వనంటే చెబుతాను. ఊళ్లన్నీ కమ్యూనిస్టుల సంఘానికీ మిలిటరీకీ మధ్య నలుగుతున్న రోజులవి. పెద్దవంగరలో మా బావమరిది కూతురికి తొట్టెల పండుగ పెట్టుకున్నారు. పిల్లను తొట్టెలలో, అదే ఉయ్యాలలో, వెయ్యాల్సింది మేనత్త. ఆ మేనత్త నా భార్య సుమిత్ర. నెల రోజులుగా ఆమెకు వేరే ధ్యాస లేదు.

జనగామ నుంచి పదిహేను కోసులు బండిలో నడుం విరగ్గొట్టుకోవడం కంటే, దోస్తు గోపాల్ బట్టల దుకాణం వెనక గదిలో పత్తాలతో పేకాడుకోవడం నాకు నయమనిపించింది.

"ఢిల్లీల పనివడ్డది. రేపు హైదరాబాద్ పోయి విమానం ఎక్కుత," అన్నాను.

"ఎంత దూరం?"

"నాలుగు వందల కోసులు."

"ఎంతసేపట్ల చేరుతరు?"

"ఐదు గంటలే!" అన్నాను, విమానం నాదే అయినట్టు.

"అయితే ఎల్లుండికి వాపస్ వస్తరు. ఆవలి దినం బండి కడుదం."

అప్పుడు తెలిసొచ్చింది నా తెలివి. "ఎదురుగాలి కొడ్తదే. నాగపూర్ల దిగాలె. ఇంజను సల్లారాలె. చేరేటందుకే నాలుగు దినాలైతది."

"నాలుగు దినాలు ఇల్లు ఊడ్వకుంట ఎట్లుండాలె?" సుమిత్ర గుండె మీద చెయ్యి వేసుకుంది.

మా ఇళ్లలో మనిషి ఊరికి బయల్దేరితే, చేరేదాకా ఇల్లు ఊడ్వరు. సుమిత్ర రోజుకు మూడుసార్లు ఊడ్చే మనిషి. ఈ సంగతి నేను ఆలోచించనే లేదు.

తెల్లారి పెట్టె పట్టుకుని స్టేషను దాకా నడిచి, సందులోంచి తిరిగి గోపాల్ దుకాణంలో దూరాను. మధ్యాహ్నానికి ఆట మంచి పాకాన పడింది. అంతలో గుమ్మం తెర లేచింది.

"గోపాలన్నా, విమానం ఎంతదాక పోయిందో జర పోస్టాఫీసుకు పోయి తార్ కొట్టి అడుగవా? ఇంట్ల చెత్త చూడలేక..." అంటూ వచ్చిన సుమిత్ర నన్ను చూసి ఆగిపోయింది. నా చేతిలో పదమూడు పత్తాలున్నాయి. గోపాల్ ఉన్నట్టుండి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

ఆమె కొంగు నడుముకు దోపింది.

"చేరిన్రా? మంచిది. ఇగ పోయి ఊడ్సుకుంట. బండి కట్టిస్త, తయారుండుండ్రి. పెట్టె సర్దే ఉన్నదాయె."

దారిలో రెండుచోట్ల, మిలిటరీ బండ్లు రాకుండా సంఘం వాళ్లు రోడ్డు తవ్వేశారు. బండి దిగి, మేనత్త కానుకైన కొయ్య తొట్టెలను నేనే నెత్తిన మోశాను. మిలిటరీ వాళ్లు ఆపి, అందులో తుపాకులేమైనా ఉన్నాయా అని చూశారు.

పెద్దవంగరలో పిల్లను తొట్టెలలో వేశాక, అమ్మలక్కలందరి ముందు సుమిత్ర అంది.

"పాపం, మేనకోడలి తొట్టెలకని ఢిల్లీల పని ఇడిసిపెట్టి విమానంల ఎగిరొచ్చిన్రు."

అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాలుగు వందల కోసులు దాటొచ్చిండు నా అల్లుడు! ఇగ జనగామ ఏం దూరం నాయినా? పండుగ పండుగకు రాండ్రి."

సుమిత్ర తొట్టెల ఊపుతూ, తల్లితో "వస్తరవ్వా. నాకు మాటిచ్చిన్రు," అంది.