పెళ్లిఫొటోలో పెళ్లికొడుకు లేడు

మా ఆయనకు ఒక ఉపాయం తట్టిందంటే నేను ముందుగా చేసే పని ఇంట్లో గాజు సామానంతా లోపల పెట్టేయడం.

తప్పు నాది కాదు, అనుభవానిది. కాపురానికొచ్చిన కొత్తలో కుళాయి చప్పుడు చేస్తోందని ఆయనొక ఉపాయం పన్నారు. ఆ తర్వాత చప్పుడు లేదు, నీళ్లూ లేవు, కింది వాటావాళ్లతో మాటలూ లేవు.

ఆయన పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టీ కొట్టీ రిటైరయ్యారు. అందుకే ఇంట్లో ఆయన్ని ముద్రల మహారాజు అంటాం. లోకంలో ఏ ఆఫీసైనా ఒక ముద్ర, ఒక సంతకం, ఒక గంభీరమైన దగ్గు మీదే నడుస్తుందని ఆయన నమ్మకం. "ఆఫీసుల సంగతి నన్నడగండి" అంటారు. ఎవరూ అడగరు. అయినా చెబుతారు.

ఈసారి ఉపాయం మా మనవడి పెళ్లాం వీసా గురించి.

మనవడు ఫొటోగ్రాఫరు. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతుకుతాడు. తీరిక దొరికితే పాత దుకాణాల తలుపులకు ఫొటోలు తీస్తాడు. తలుపులకు ఫొటోలేమిటిరా అంటే, "అవి కళ్లు మూసుకోవు అమ్మమ్మా" అంటాడు. ఆ తలుపులు ఎవరికో నచ్చి, సముద్రం అవతల ఒక దేశంలో పెద్ద హాలు గోడ నిండా పెడతామన్నారు. మొదటి రోజు నువ్వుండాలి, రమ్మన్నారు. వాడు ఇల్లు ఎగిరిపోయేలా గంతేసి, "మా ఆవిడ లేకుండా మాత్రం వెళ్లను" అన్నాడు. వాడు మొండివాడు. అన్నాడంటే వెళ్లడంతే.

చిక్కంతా అక్కడే. వాడి పెళ్లానిది వేరే దేశం.

బంగారం లాంటి పిల్ల. కట్టుడు పళ్లు తయారుచేసే చోట పనిచేస్తుంది, అందుకని పళ్లమ్మాయి అంటాం. మా ఆయన నోట్లో ఉన్న సెట్టు కూడా ఆ పిల్ల చేసిందే. అంటే ఆయనకు ఆ పిల్ల మీద కోపం వచ్చి పళ్లు నూరాలన్నా, ఆ పిల్ల చేసిపెట్టిన పళ్లతోనే నూరాలి. మన భాష నా దగ్గర, కూరగాయలు తరుగుతూ నేర్చుకుంది. అందుకే చూడ్డానికి పాతికేళ్ల పిల్లయినా నోరు తెరిస్తే డెబ్బై ఏళ్ల ముసలమ్మ. బస్సు తప్పిపోయినా "నా రాత ఇలా ఏడ్చింది" అంటుంది.

మాలాంటి పాస్‌పోర్టులున్నవాళ్లకు ఆ దేశం టూరిస్టు వీసా ఇట్టే ఇస్తుంది. పళ్లమ్మాయి పాస్‌పోర్టు చూస్తే మాత్రం మొహం చిట్లిస్తుంది. ఇతను నీ భర్తేనని చూపించు, పెళ్లి సర్టిఫికెట్టుతో పాటు పెళ్లి ఫొటోలు కూడా తెచ్చి, నువ్వే వచ్చి మాట్లాడు అంది.

"ఓస్, ఇంతేనా!" అన్నారు మా ఆయన. "ఆల్బం తీసుకురారా."

ఆల్బం తెచ్చాడు. తిప్పాం. పళ్లమ్మాయి రిజిస్ట్రారు ముందు సంతకం పెడుతోంది. పళ్లమ్మాయి నవ్వుతోంది. పళ్లమ్మాయి దండ సర్దుకుంటోంది. ఇక నేను. పెళ్లికి ముందే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నానేమో, కుర్చీలో కూర్చుని కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకున్నాను. ఏ పేజీ తిప్పినా తెల్లటి పిండికట్టు, స్తంభంలా. పెళ్లికూతురి కంటే నా కాలే ఎక్కువ ఫొటోల్లో ఉంది.

"అంతా బాగుంది గానీ, పెళ్లికొడుకేడిరా?" అన్నారు మా ఆయన.

"నేను ఫొటోలు తీస్తున్నాను కదా తాతయ్యా."

"అన్నీ నువ్వే తీశావా? నీ పెళ్లికి?"

"ఇంకొకళ్ల చేతికిస్తే వెలుతురు తగలేస్తారు."

"పోనీ, తర్వాతైనా ఇద్దరూ కలిసి ఒక సెల్ఫీ అయినా..."

"అది ఫొటో ఎలా అవుతుంది తాతయ్యా? అద్దంలో చూసుకోవడం అవుతుంది."

ఊళ్లో ఇన్ని జంటలకు సాక్ష్యాలు తీసిపెట్టినవాడు తన కాపురానికి ఒక్క సాక్ష్యమూ మిగుల్చుకోలేదు.

పళ్లమ్మాయి తేలిగ్గా తీసిపారేసింది. "దానికేముంది తాతయ్యా, ఉన్నవి ఉన్నట్టు పెడతాను. ఆయనే తీశాడని చెబుతాను. నిజం చెప్పడానికి భయమెందుకు?"

"పిచ్చిపిల్లా! ఆఫీసుల్లో నిజం చెబితే చాలదు, చూపించాలి" అన్నారు మా ఆయన. అని కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నేను వెళ్లి గాజు సామాను లోపల పెట్టాను.

ఆదివారం పొద్దున్నే ఇంట్లో హడావుడి. "అందరూ ఆ రోజు బట్టలే వేసుకోండి. మన గోడ మీద పెట్టుకోవడానికి మంచి ఫొటో ఒకటి దిగుదాం. భార్యాభర్తలు కలిసి ఒక్క ఫొటో లేకపోవడమేమిటి, సిగ్గుచేటు!" అన్నారు. పిల్లలిద్దరికీ సరదా వేసింది. పాపం, కలిసి ఎప్పుడూ దిగలేదుగా.

మనవడి కోటు పట్టలేదు. పక్కింటి టైలరు వచ్చి కుట్లు విప్పుతూ అడిగాడు, "మళ్లీ పెళ్లా అండీ? మొదటిది చెల్లలేదా?"

"నువ్వు కోటు సంగతి చూడవయ్యా" అన్నారు మా ఆయన.

కెమెరాను స్టాండు మీద పెట్టి, మీట నొక్కి, అది కూత పెట్టే లోపల పరుగెత్తుకొచ్చి పెళ్లాం పక్కన నిలబడాలి. మొదటిసారి వాడి వీపు పడింది. రెండోసారి చాప మడత తట్టుకుని మొత్తంగా వాడే పడ్డాడు. ఆ తర్వాత మా ఆయన "అందరూ నవ్వండి, పళ్లు కనబడాలి!" అని తానే ముందు గట్టిగా నవ్వారు. పళ్లు మరీ ఎక్కువ కనబడ్డాయి, నోరు దాటి బయటికొచ్చాయి. పళ్లమ్మాయి గాల్లోనే పట్టుకుంది. చేసిన చెయ్యి కదా, ఊరుకోదు.

నేను పొట్టిదాన్ని, వెనక కనబడడం లేదని మనవడు నన్ను స్టూలు ఎక్కించాడు. ఎక్కి నిలబడ్డాక నాకొక సందేహం వచ్చింది.

"ఏమండీ, ఆ రోజు లాగే ఉండాలంటున్నారు గానీ, ఆ రోజు నా కాలు..."

"కదలకు!"

"కాలండీ, నా కాలు..."

"నోరు మూసుకుని నవ్వవే!"

నోరు మూసుకుని నవ్వడం ఎలాగో నాకు తెలియదు గానీ, కాపురమంతా చేసింది అదే కాబట్టి చేశాను. ఫొటో చక్కగా వచ్చింది.

వీసా ఆఫీసుకు నలుగురం కలిసే వెళ్లాం. మనవడి గోడ చూడడానికి మేమిద్దరమూ వెళ్లాలనుకున్నాం కాబట్టి మా కాగితాలూ ఆ రోజే. పళ్లమ్మాయి ఫైలు మా ఆయన చంకలో ఉంది. "నేను చూసి సర్దుతాను, మీకు తెలియదు" అని దారి పొడుగునా ఇవ్వలేదు.

గాజు కిటికీ వెనక ఒక ఆఫీసరమ్మ. జుట్టు బిగించి ముడేసుకుంది, మాటా అంత బిగువే. మన భాష మనలాగే మాట్లాడుతోంది. ఫైలు విప్పి ఒక్కొక్క ఫొటో చూసుకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగింది. ముందువి తీసి పక్కన పెట్టింది. మళ్లీ చూసింది. నాకేసి చూసింది.

"ఈ పెద్దావిడ మీరేనా?"

"నేనే తల్లీ."

"పెళ్లి ఫొటోలన్నిట్లో మీ కాలికి పిండికట్టుంది. ఇందులో స్టూలెక్కి నిలబడ్డారు. వెనక 'పెళ్లి రోజున తీసినది' అని రాసుంది. మధ్యాహ్నానికల్లా కాలు అతుక్కుందా?"

ఆ ఫొటో అక్కడికెలా వచ్చిందో పిల్లలకు తెలియదు. ఇద్దరూ కొయ్యబారిపోయారు.

మా ఆయన దగ్గారు. గంభీరమైన దగ్గు. "మా ఆవిడ ఎముక చాలా గట్టిదండీ."

ఆఫీసరమ్మ నవ్వలేదు. "అబద్ధపు ఫొటో పెడితే వీసా రాదు. ఇక ముందు అడిగినా ఇవ్వరు. తెలుసా?"

మనవడి మొహం పాలిపోయింది. "పోనీండి మేడం. నేనూ వెళ్లను" అన్నాడు మెల్లగా. ఆ తలుపులన్నీ నా కళ్ల ముందు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఈ మనిషిని ఇంటికి తీసుకెళ్లి ఏ గదిలో పెట్టి తాళం వేయాలా అని ఆలోచిస్తున్నాను.

పళ్లమ్మాయి ముందుకు జరిగింది.

"ఫొటో నిజమే తల్లీ. మొన్న ఆదివారం దిగాం. వెనక రాసిందే అబద్ధం."

"రాసిందెవరు?"

ముగ్గురం ఒకేసారి ఒకే వైపు చూశాం. మా ఆయన పైకప్పు కేసి చూశారు.

"ఏం చెప్పమంటావమ్మా నా రాత!" అంది పళ్లమ్మాయి. "తాతయ్య మనసు వెన్న, బుర్రే వేరే. ఇక మా ఆయన ఉన్నాడే, వట్టి వెర్రిబాగులవాడు. తన పెళ్లికి తానే ఫొటోలు తీసుకున్నాడు. అందుకే ఎందులోనూ లేడు. ఇదిగో, ఇది చూడు."

ఆల్బంలో పెట్టకుండా మనవడు పక్కన పడేస్తే, ఆ పిల్ల తన సంచిలో దాచుకున్న ఫొటో అది. మసకగా ఉంది. ఫొటోలో సగం ఒక పెద్ద చెంచా, దాని వెనక పళ్లమ్మాయి, నోరు ఇంత తెరిచి.

"ఏమిటిది?"

"పొద్దుటి నుంచీ తినలేదు తల్లీ ఈయన. ఒక్క ముద్ద తిని తియ్యవయ్యా అంటే వినడు. ఆ అను, ఆ అను అని నోట్లో పెడుతున్నాను. పెడుతుంటే కూడా నొక్కాడు! ఇలాంటివాణ్ని ఏం చెయ్యమంటావు?"

ఆఫీసరమ్మ ఆ చెంచా కేసి చూసింది. మిగతా ఫొటోలు మళ్లీ తిప్పింది. ఈసారి నా కాలును వదిలేసి పిల్ల మొహం చూసుకుంటూ వెళ్లింది. సంతకం పెడుతూ కెమెరాను కసురుతోంది. దండ సర్దుకుంటూ కెమెరాకు నాలుక చూపిస్తోంది. డబ్బిచ్చి పిలిపించుకున్న ఫొటోగ్రాఫరుతో ఏ పెళ్లికూతురూ అలా ఉండదు.

"మన భాష ఎక్కడ నేర్చుకున్నారు?"

"అత్తారింట్లో."

ఆఫీసరమ్మ మూతి బిగించింది. నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "కెమెరాకు అన్నం పెట్టే పెళ్లాన్ని ఇంతవరకూ చూడలేదు" అని, ఆదివారం ఫొటో వెనక రాసింది అడ్డంగా కొట్టేసి, సరైన తేదీ పళ్లమ్మాయి చేతే రాయించి, ముద్ర కొట్టింది. "శుక్రవారం వచ్చి పాస్‌పోర్టు తీసుకోండి."

మనవడు గాజు కిటికీకే దండం పెట్టాడు.

మా ఆయన ఛాతీ ఉబ్బింది. "చూశావా? నా ఫొటోకే ముద్ర పడింది!"

"మీరెక్కడికండీ?" అంది ఆఫీసరమ్మ. "మీ కాగితాలున్నాయిగా. రండి."

వెళ్లాం. తిప్పింది. "ఈవిడ మీ భార్య అని రాశారు. రుజువు?"

"పెళ్లి సర్టిఫికెట్టుందండీ. ముద్ర చూడండి, ఎంత స్పష్టంగా ఉందో!"

"ముద్రలు కొట్టే ఉద్యోగం చేశానని రాశారు. ఇదీ మీరే కొట్టారా?"

మా ఆయనకు దగ్గు కూడా రాలేదు.

"సరే, చెప్పండి. ఈవిడకు ఇష్టమైన రంగేది?"

ఆయన నా బట్టల కేసి చూశారు. నేను రంగురంగుల పువ్వులున్నవి కట్టుకొచ్చాను. "అన్నీనండీ" అన్నారు.

"పొద్దున్నే ఏం తాగుతారు?"

"టీ!" అన్నారు, గెలిచినట్టు.

నేను టీ మానేసి ఏళ్లయింది. డాక్టరు మానమన్నప్పుడు పక్క కుర్చీలో కూర్చుని తలూపింది ఈయనే.

ఆఫీసరమ్మ కలం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఈయన నిజంగా మీ భర్తేనా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. నింపాదిగా కళ్లజోడు తీశాను. తుడిచాను. పెట్టుకున్నాను. ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాను. కొట్టడానికి ముద్ర లేక ఆయన చేతులు గాల్లో ఆడుతున్నాయి.

"ఏమేవ్!" అన్నారు. "చెప్పవే!"

"నోరు మూసుకుని నవ్వండి" అన్నాను. ఆఫీసరమ్మ వైపు తిరిగాను. "తల్లీ, అబద్ధం ఆడేదాన్నే అయితే కాస్త మంచివాణ్ని చూపించి నా మొగుడని చెప్పుకోనా? ఈయన్ని చూపించి చెబుతున్నానంటే నిజమే అయ్యుండాలి కదా!"

ఈసారి ఆవిడ మూతి బిగించలేకపోయింది. పక్క కిటికీల వాళ్లు కూడా తొంగిచూశారు. రెండు పాస్‌పోర్టుల్లోనూ ముద్ర పడింది, ధడేల్‌మని. మా ఆయన ఎంతో మెచ్చుకునే చప్పుడే. ఆ రోజు మాత్రం ఉలిక్కిపడ్డారు.

ఇంటికొచ్చేదాకా సంచులన్నీ ఆయనే మోశారు. గుమ్మంలోకొచ్చాక గొంతు తగ్గించి అడిగారు, "ఒకవేళ విమానం దిగాక అక్కడ కూడా అడిగితేనో?"

"అడగచ్చు" అన్నాను.

అప్పటినుంచీ ఆయన నన్ను చదువుతున్నారు. వంటింట్లోకొచ్చి నిలబడి నేనేం తాగుతున్నానో గ్లాసులోకి తొంగిచూస్తారు. బట్టలు ఆరేస్తుంటే పక్కకొచ్చి, "అసలు నీకు ఇష్టమైన రంగేదే?" అని బతిమాలతారు.

నేను రోజుకో రంగు చెబుతున్నాను.